గోదావరి డెల్టాలో అద్దె ఫ్లాట్: ఇద్దరూ కలిసి వెతుక్కునే పద్ధతి, కుళాయి నీళ్ల నుంచి తాళంచెవుల దాకా

అద్దె ఇల్లు చూడటానికి వెళితే కాళ్లు ముందు హాల్లోకి లాగుతాయి. గోదావరి డెల్టాలో మాత్రం ముందు వెళ్లాల్సింది బాత్‌రూమ్ కుళాయి దగ్గరికి, ఆ తర్వాత గుమ్మం బయట రోడ్డు మీదికి. కుళాయిలో ఏ నీళ్లు వస్తున్నాయి? వానొస్తే రోడ్డు మీద నీళ్లు ఎటు పోతున్నాయి? ఈ రెంటికీ సరైన జవాబు దొరకని ఇంట్లో గ్రానైట్ గట్టూ, ఫాల్స్ సీలింగూ ఎంత ముచ్చటగా ఉన్నా, ఏడాది తిరక్కుండానే మళ్లీ సామాను మూటగట్టాల్సి వస్తుంది.

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, అమలాపురం, తణుకు, పాలకొల్లు, నరసాపురం లాంటి ఊళ్లలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటో, మేడ మీద వాటానో వెతుకుతున్న జంటలకు ఇది పనికొస్తుంది. వరుస తప్పకుండా చేయండి. చాలామంది అద్దె బేరం ముందు ఆడి నీళ్లు తర్వాత చూస్తారు. అప్పటికి అడ్వాన్సు చేతులు మారిపోయి ఉంటుంది.

1. ముందు ఇద్దరూ విడివిడిగా రాయండి

ఒకరి ముందు ఒకరు కూర్చుని మాట్లాడుకుంటే గట్టిగా చెప్పినవాళ్ల మాటే నెగ్గుతుంది. అందుకే చెరో కాగితం తీసుకోండి. తప్పనిసరిగా కావాల్సినవి అయిదు, అస్సలు వద్దనుకునేవి మూడు రాయండి. ఆ తర్వాతే కాగితాలు మార్చుకోండి.

రెండు కాగితాల్లోనూ ఉన్నది ఖాయం. ఒక్కదాంట్లోనే ఉన్నదాని మీద బేరం మీలో మీరే ముందుగా ఆడుకోవాలి, ఓనరు ముందు కాదు.

ఇద్దరూ ఉద్యోగస్తులైతే దూరాన్ని కిలోమీటర్లలో లెక్కేయకండి, గుమ్మం నుంచి గుమ్మానికి పట్టే నిమిషాల్లో లెక్కేయండి. ఒకరిది రాజమహేంద్రవరం, మరొకరిది కొవ్వూరు అవతల అయితే గోదావరి మీది వంతెనే మీ రోజును నడిపిస్తుంది. పాత రోడ్డు కం రైలు వంతెనను మరమ్మతులకు మూసిన రోజులున్నాయి. ఆ రోజుల్లో చుట్టుదారికి ఎంతసేపు పడుతుందో చూసుకోండి. అమలాపురానికి రైలు లేదు, బస్సు మీదే లెక్క. భీమవరం, నరసాపురం వైపు రైలు ఉంది కానీ మీ డ్యూటీ వేళకు ఉందో లేదో చూడాలి.

డబ్బు లెక్క ఇలా వేసుకోండి. అద్దె 12,000 అనుకుంటే, చేరే నెలలో చేతిలో ఉండాల్సింది:

- అడ్వాన్సు రెండు నెలలు: 24,000
- మొదటి నెల అద్దె: 12,000
- బ్రోకరుకు అర నెల: 6,000
- వ్యాను, సామాను ఎత్తి దించే కూలీలు: 5,000
- దోమల మెష్, బల్బులు, కుళాయిల రిపేర్లు: 5,000

మొత్తం 52,000. అంకెలు మీ ఊరిని బట్టి మారతాయి, వరస మారదు. అద్దెకు నాలుగింతల పైచిలుకు చేతిలో లేకుండా ఇల్లు ఖాయం చేస్తే మొదటి నెలలోనే అప్పు మొదలవుతుంది. నెలనెలా లెక్కలో మెయింటెనెన్సు, మంచినీళ్ల టిన్నులు, కరెంటు విడిగా రాయండి. అద్దె తక్కువని చేరిన చోట ఈ మూడూ కలిసి తేడాను మింగేయడం మామూలే.

2. ఎప్పుడు వెతకాలి

ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారం దాకా ఇళ్లకు గిరాకీ ఎక్కువ. బదిలీలు, బడులు తెరవడం, ఆషాఢం రాకముందే చేరాలన్న తొందర అన్నీ అప్పుడే. ఓనర్లు దిగరు.

ఆషాఢంలో ఎవరూ పాలు పొంగించరు కాబట్టి ఖాళీ ఇల్లు నెల పాటు అలాగే ఉండిపోతుందని ఓనరుకూ తెలుసు. బేరానికి అదే మంచి అదను. ఆషాఢంలో చూసి, టోకెన్ ఇచ్చి, ‘శ్రావణంలో చేరతామండీ, అద్దె అప్పటి నుంచే రాసుకుందాం’ అని అడగండి. భాద్రపదం, పుష్యం, మూఢం రోజులకూ ఇదే లెక్క.

ఇంకో లాభం, ఆషాఢానికి వానలు మొదలై ఉంటాయి. ఇంటి అసలు గుణం అప్పుడే బయటపడుతుంది. ఎండాకాలంలో చూస్తే ఉప్పు నీళ్లు తెలుస్తాయి, వానల్లో చూస్తే పల్లం తెలుస్తుంది. ఒక్క కాలంలోనే చూడగలిగితే రెండో కాలం సంగతి ఇరుగుపొరుగు నోట వినాలి.

3. ఎక్కడ వెతకాలి, ఫోన్లో ఏం అడగాలి

ఈ ఊళ్లలో మంచి ఇళ్లు సగం యాప్‌ల దాకా రావు. గేటుకు వేలాడే టు-లెట్ అట్టముక్క, వీధి చివర కిరాణా కొట్టు, ఇస్త్రీ బండి, అపార్టుమెంటు వాచ్‌మన్, ఆఫీసు వాట్సాప్ గ్రూపు, ఈ వరసలో వెతకండి. మీకు కావాల్సిన నాలుగైదు వీధులు ఎంచుకుని, సాయంత్రం బండి మీద మెల్లగా తిరగండి. బ్రోకరు దగ్గరికి వెళితే కమీషను ఎంతో, ఎవరు ఎప్పుడు ఇవ్వాలో ముందే మాట తీసుకోండి. ఇల్లు చూపించడానికే డబ్బులడిగేవాళ్లకు ఇవ్వకండి. ఇల్లు చూడకుండా ‘బ్లాక్ చేస్తాం, ఫోన్‌పే కొట్టండి’ అంటే ఆ నంబరు వదిలేయండి.

ఫోన్లో అయిదు ప్రశ్నలు చాలు:

- ‘ఏ అంతస్తండీ? లిఫ్టు ఉందాండీ?’
- ‘వాడకానికి మున్సిపల్ నీళ్లా, బోరాండీ? బోరైతే ఉప్పగా ఉంటాయాండీ?’
- ‘కరెంటు మీటరు విడిగా ఉందాండీ?’
- ‘అద్దె, మెయింటెనెన్సు కలిపా, విడివిడిగానా?’
- ‘బండ్లు ఎన్ని పెట్టుకోవచ్చండీ?’

రెండో ప్రశ్నకు ‘నీళ్లకేం లోటు లేదండీ, ఇరవై నాలుగ్గంటలూ వస్తాయి’ అంటే అది జవాబు కాదు. ఎన్ని వస్తాయని మీరు అడగలేదు, ఎలాంటివి వస్తాయని అడిగారు.

4. నీళ్లు: అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఎక్కువసేపు

డెల్టాలో నేల అడుగున నీళ్లకు కరువు లేదు, తియ్యటి నీళ్లకే కరువు. కాలువ ఒడ్డున పైపొరలో తియ్యటి నీళ్లుంటాయి, ఇంకా లోతుకు దించితే ఉప్పు తగులుతుంది. అందుకే పాత ఇళ్లలో తక్కువ లోతున వేసిన ఫిల్టర్ పాయింట్ నీళ్లు బాగుండి, పక్కనే కొత్త అపార్టుమెంటు లోతు బోరు ఉప్పగా ఉండటం వింతేం కాదు. సముద్రం వైపు వెళ్లేకొద్దీ, రొయ్యల చెరువులు పెరిగిన చోటా ఇది ఎక్కువ. వీధి వీధికీ నీళ్లు మారతాయి కాబట్టి ‘ఈ ఏరియాలో నీళ్లు మంచివేనంట’ అన్న మాట మీద ఇల్లు తీసుకోకూడదు.

పరీక్ష ఇలా చేయండి:

1. వంటింటి కుళాయి, బాత్‌రూమ్ కుళాయి రెండూ విప్పండి. చాలా ఇళ్లలో రెండింటికీ వేర్వేరు ట్యాంకుల నీళ్లు వస్తాయి. ఒకటి చూసి రెండోది ఊహించకండి.
2. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు వెంట తీసుకెళ్లండి. జేబులో పట్టే చిన్న పరికరం, ఖరీదూ తక్కువే. తాగునీటి ప్రమాణాల్లో లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. వాడకం నీళ్లకూ 2,000 దాటితే గీజరు కాయిలు, వాషింగ్ మెషీను, కుళాయిలు వరసగా పాడవుతాయి.
3. చిన్న సబ్బుముక్క రుద్ది చూడండి. నురగ రాకుండా తెట్టులా విరిగితే కఠిన జలం. ఆ నీళ్లతో పప్పు ఒక పట్టాన ఉడకదు.
4. కుళాయి మూతి, షవరు చిల్లులు, కమోడ్ లోపలి గీత చూడండి. తెల్లటి పొర కనబడితే ఉప్పు, ఎర్రటి చార కనబడితే ఇనుము. ఓనరు మాట మారొచ్చు, కమోడ్ మీది చార మారదు.
5. పది లీటర్ల బకెట్టు పెట్టి ఫోన్లో టైము చూడండి. నిమిషంలో నిండితే సరే. రెండు నిమిషాలు దాటితే షవరు ఆశ వదులుకోండి. పై అంతస్తుల్లో ట్యాంకు నెత్తి మీదే ఉండటం వల్ల ఒత్తిడి ఇంకా తక్కువ.

తర్వాత వాచ్‌మన్‌ని పట్టుకోండి. మున్సిపల్ నీళ్లు ఏ వేళకు వస్తాయి, సంపు ఎన్ని లీటర్లు, మోటారు రోజుకు ఎన్నిసార్లు వేస్తారు? మనిషికి రోజుకు 135 లీటర్లన్న లెక్కన పది ఫ్లాట్లలో నలభై మంది ఉంటే 5,400 లీటర్లు కావాలి. పైన అయిదు వేల లీటర్ల ట్యాంకే ఉంటే రోజుకు రెండుసార్లు మోటారు వేయాల్సిందే. మోటారు వేసే మనిషి ఊరెళ్లిన రోజు ఏం జరుగుతుందో కూడా అడగండి.

ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది: ‘కాలువలు కట్టేసినప్పుడు ఎలాగండీ?’ ఎండాకాలంలో, సాధారణంగా ఏప్రిల్, మే నెలల్లో, డెల్టా కాలువలకు నీళ్లు ఆపేస్తారు. కాలువ నీటి మీద ఆధారపడ్డ ఊళ్లు అప్పుడు చెరువుల్లో నింపి ఉంచిన నీళ్లతోనే నెట్టుకొస్తాయి. రోజూ వచ్చే కుళాయి రోజు విడిచి రోజు కావచ్చు. అప్పుడు అపార్టుమెంటు మొత్తం బోరు మీదికి మారుతుంది, ఉప్పు అప్పుడే తెలుస్తుంది. నవంబరులో చూసిన తియ్యటి నీళ్లు మేలో ఉండకపోవడానికి కారణం ఇదే.

తాగడానికి టిన్నులే అయితే మూడో అంతస్తుకు మోసిపెడతారా, కింద వదిలేస్తారా? ఇరవై లీటర్ల టిన్ను ఇరవై కిలోలు. లిఫ్టు లేని చోట రెండు రోజులకో టిన్ను ఎవరు మోస్తారో ఇద్దరూ ముందే తేల్చుకోండి.

5. మెరకా, పల్లమా

గుమ్మం ముందు నిలబడి రోడ్డుకూ ఇంటి నేలకూ ఎత్తు తేడా చూడండి. ఈ ఊళ్లలో ఉన్న సిమెంటు రోడ్డు మీదే ఇంకో పొర వేస్తూ పోవడం వల్ల పాత ఇళ్లు రోడ్డుకంటే కిందికి దిగిపోయాయి. గేటు దాటగానే మెట్టు కిందికి ఉంటే వాన నీళ్లు లోపలికే వస్తాయి. కనీసం రెండు మెట్లు ఎక్కి లోపలికి వెళ్లాలి. సెల్లారు పార్కింగు ఉంటే ర్యాంపు మొదట్లో గట్టు ఉందో లేదో, నీళ్లు తోడే మోటారు ఉందో లేదో చూడండి.

గేటు పక్క గోడ మీద అడుగూ అడుగున్నర ఎత్తులో మట్టి రంగు గీత ఉందేమో వెతకండి. పార్కింగు స్తంభాల మీద కూడా ఆ గీత తేలిగ్గా దొరుకుతుంది. అదే పోయిన వానాకాలం ఎత్తు.

నేల చదునుగా ఉండటం వల్ల డెల్టాలో నీళ్లు మెల్లగా దిగుతాయి. సముద్రానికి దగ్గర ఊళ్లలో పోటు వేళ డ్రెయిన్లు అసలే లాగవు. భీమవరంలో యనమదుర్రు లాంటి పెద్ద డ్రెయిను పక్కన ఇల్లు చూస్తుంటే వాన తగ్గాక ఎన్ని గంటలకు నీళ్లు పోతాయో పక్కింటివాళ్లను అడగండి. ‘మునుగుతుందా?’ అని అడిగితే లేదంటారు. ‘పోయినసారి తుపానుకి బండి ఎక్కడ పెట్టుకున్నారండీ?’ అంటే నిజం దానంతటదే వస్తుంది.

నది ఒడ్డునో, లంకల వైపో అయితే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద లెక్క తెలిసి ఉండాలి. నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ‘రెండో హెచ్చరికకి మన దారి ఉంటుందాండీ, కాజ్‌వే మునుగుతుందా?’ అని అడగండి. ఇల్లు మునక్కపోయినా దారి మునిగితే ఉద్యోగానికి సెలవే.

ఇక సెప్టిక్ ట్యాంకు. అడగడానికి అందరూ మొహమాటపడే విషయం, చేరాక ఎక్కువగా ఏడిపించేదీ ఇదే. ఇక్కడ ఊళ్లలో చాలా ఇళ్లకు సెప్టిక్ ట్యాంకే దిక్కు. వానాకాలంలో భూగర్భ నీరు పైకి వస్తుంది, ట్యాంకులో నీళ్లు ఇంకవు, కింద అంతస్తు కమోడ్‌లో పైకి తన్నుతుంది. అందుకని:

- గ్రౌండ్ ఫ్లోరు అయితే ఫ్లష్ రెండుసార్లు వరసగా కొట్టి చూడండి. నీళ్లు మెల్లగా దిగినా, గుడగుడ చప్పుడొచ్చినా అనుమానించండి.
- ట్యాంకు చివరిసారి ఎప్పుడు తీయించారు? ఖర్చు ఎవరిది?
- బోరుకూ సెప్టిక్ ట్యాంకుకూ ఎంత దూరం? పక్కపక్కనే ఉంటే ఆ నీళ్లు నోట్లో పోసుకోకండి.

6. ఇంట్లోకి వచ్చాక

పగలు ఒకసారి, రాత్రి ఏడు దాటాక ఒకసారి చూడాలి. రెండుసార్లూ ఇద్దరూ వెళ్లడం కుదరకపోతే చెరొకసారి వెళ్లండి. ఫొటోలు చాలవు, వీడియో తీయండి.

చెమ్మ. గోడ కింది మూడడుగులకే కొత్త రంగు వేసి ఉంటే అక్కడ ఏదో దాచారని అర్థం. గోడ అలమరాల లోపలా, తలుపు వెనకా, సింకు కిందా చూడండి. అక్కడ రంగు వేయించే ఓపిక ఎవరికీ ఉండదు. వేలితో తడితే పొడి రాలడం, ఉబ్బి బోలుగా మోగడం చెమ్మ గుర్తులు. పడగ్గదిలో బాత్‌రూమ్‌ను ఆనుకున్న గోడ మరీ ముఖ్యం, పెళ్లిలో ఇచ్చిన చెక్క బీరువా సరిగ్గా అక్కడే పెడతారు.

బీటలు. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది కాబట్టి కిటికీ మూలల్లో సన్నటి వాలు బీటలు ఇక్కడ మామూలే. దూలం వెంబడి పొడుగు బీట, దాని మీద తుప్పు మరక, శ్లాబు పెచ్చులు ఊడి ఇనుప ఊచ కనబడటం మాత్రం మామూలు కాదు. ఆ గదిలో మంచం వేయకూడదు. ఆ ఇల్లే వద్దనుకోవడం ఇంకా మంచిది.

గాలి, ఎండ. చివరి అంతస్తు అయితే మధ్యాహ్నం మూడింటికి వెళ్లి పడగ్గది శ్లాబు కింద అయిదు నిమిషాలు నిలబడండి. పడమటి గోడకు నీడ లేకపోతే రాత్రి పది దాకా గది చల్లబడదు. ఎదురెదురు కిటికీలు లేని ఫ్లాటులో ఉక్కపోతకు ఏసీ ఒక్కటే మార్గం, ఆ ఖర్చు అద్దెలో కలిపే చూడాలి.

దోమలు. ప్రతి కిటికీకీ, బాత్‌రూమ్ వెంటిలేటరుకూ మెష్ ఉందా? లేకపోతే వేయించుకోనిస్తారా? చీకటి పడ్డాక రెండోసారి వెళ్లమన్నది సగం దీనికోసమే.

బాత్‌రూమ్ వాలు. మూలన మగ్గుడు నీళ్లు పోయండి. తూము వైపు పోకుండా గుమ్మం వైపు వస్తే రోజూ తుడుచుకోవాల్సిందే. ఇది తర్వాత ఎవరూ బాగుచేయరు.

కొలతలు. టేపు తీసుకెళ్లండి. ఆరు ఇంటూ ఆరున్నర అడుగుల మంచం వేశాక చుట్టూ రెండడుగులు నడవడానికి మిగలాలి. బీరువా, ఫ్రిజ్జు మెట్ల మలుపులో తిరుగుతాయా? లిఫ్టులో పడతాయా? సారె సామాను మెట్ల దగ్గర ఇరుక్కోవడం చూసేవాళ్లకు వినోదం, మీకు కాదు.

వాసన, బూడిద. డాబా మీద ఆరేసిన తెల్లబట్టలు చూడండి. రైసుమిల్లుల ఊక బూడిద గాలివాటున వచ్చి నల్లచుక్కలు పెడుతుంది. మండపేట, రామచంద్రపురం, తణుకు చుట్టుపక్కల మిల్లు ఏ దిక్కున ఉందో చూసుకోవాలి. కొబ్బరిపీచు యూనిట్ల పక్కన దుమ్ము, రొయ్యల ప్రాసెసింగ్ వైపు నీచు వాసన. పగలు గాలి ఒకవైపు, రాత్రి మరోవైపు ఉంటుంది. ఇదీ రెండోసారి వెళ్లడానికి కారణమే.

7. కరెంటు

పాత బిల్లు అడిగి తీసుకోండి. ఈపీడీసీఎల్ బిల్లు మీద సర్వీసు నంబరు, లోడు ఎన్ని కిలోవాట్లు, బకాయి ఉంటే ఎంత అన్నీ ఉంటాయి. సర్వీసు నంబరుతో ఏ పేమెంటు యాప్‌లోనైనా బకాయి కనబడుతుంది. చేరకముందు అది సున్నా ఉండాలి.

లోడు ఒక కిలోవాటే ఉండి, మీరు టన్నున్నర ఏసీ, రెండు కిలోవాట్ల గీజరు పెడితే డిపార్టుమెంటు అదనపు లోడు కట్టమంటుంది. ఆ ఖర్చు ఓనరుదని ముందే రాయించుకోండి.

రెండు వాటాలకు ఒకే మీటరు ఉంటే మాత్రం జాగ్రత్త. యూనిట్లు పెరిగేకొద్దీ శ్లాబు రేటు పెరుగుతుంది. రెండిళ్ల వాడకం ఒకే బిల్లులో కలిస్తే ఇద్దరూ పై శ్లాబులో పడతారు. సబ్‌మీటరు పెట్టి ‘యూనిట్‌కింత’ అని గుండుగుత్తగా వసూలు చేస్తుంటే అసలు బిల్లు చూపించమనడం తప్పు కాదు.

ఏసీ పాయింటుకు విడి ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు) ఉందా? వంటింట్లో మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్జుకు విడివిడి ప్లగ్గులున్నాయా? గీజరు వేసినప్పుడు కుళాయి ముట్టుకుంటే జిల్లుమంటోందంటే ఎర్తింగు లేదు. ఎలక్ట్రీషియన్‌తో చూపించాకే చేరండి.

8. ఓనరుతో మాటలు

‘మీరేవిట్లండీ?’ అన్న ప్రశ్న వస్తుంది. కులం అడుగుతున్నారు. మాంసం వండుతారా, చుట్టాలు ఎక్కువ వస్తారా, కొత్త జంటైతే పెళ్లెప్పుడయింది, అన్నీ అడుగుతారు. జవాబు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ ఇద్దరూ ఒకే జవాబు అనుకుని వెళ్లండి. ఇల్లు దొరకాలని అబద్ధం చెప్పి చేరితే ప్రతి ఆదివారం వంటింటి కిటికీ మూసుకుని కూర వండుకోవాలి. అలాంటి ఇల్లు చవగ్గా వచ్చినా దండగే.

వాస్తు పట్టింపు మీకు లేకపోతే అది మీ చేతిలో బేరం. దక్షిణం గుమ్మం ఫ్లాట్లు ఎక్కువ రోజులు ఖాళీగా ఉంటాయి. ‘ఎన్ని నెలల నుంచి ఖాళీ అండీ?’ అని అడిగి, దాన్ని బట్టి దిగమనండి.

అద్దె దించనివాళ్లు రిపేర్లకు ఒప్పుకుంటారు. అయిదు వందలు తగ్గించుకోవడం కంటే మెష్‌లు, గీజరు, కుళాయిలు వేయించుకోవడం చాలాసార్లు లాభం. ఏది అడిగినా అడ్వాన్సు ఇవ్వకముందే అడగాలి.

ఆదాయపు పన్నులో ఇంటద్దె మినహాయింపు వాడుకునేవాళ్లు ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. నెలకు 12,000 అంటే ఏడాదికి 1,44,000. పాన్ ఇవ్వనన్నా, అద్దె నగదే కావాలన్నా ఆ సంగతి మొదట్లోనే తేలిపోవాలి.

9. అగ్రిమెంటు

పదకొండు నెలలకు స్టాంపు పేపరు మీద రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ అంటారు. కానీ రిజిస్ట్రేషన్ చట్టానికి మన రాష్ట్రంలో చేసిన సవరణ ప్రకారం కాలం ఎంతైనా లీజు రిజిస్టరు చేయించాల్సిందే. చాలామంది చేయించరు, గొడవ వచ్చినప్పుడు ఆ కాగితం బలం తగ్గుతుంది. అడ్వాన్సు పెద్ద మొత్తమైతే డాక్యుమెంటు రైటరును ఖర్చు ఎంతవుతుందో అడిగి చేయించుకోండి.

సంతకాలకు ముందు ఓనరు ఇంటి పన్ను రసీదు చూడండి. మీతో మాట్లాడుతున్న మనిషి, పన్ను రసీదులో పేరు ఒకటేనా? ఓనరు విదేశాల్లో ఉండి బంధువు అద్దెకిస్తుంటే కనీసం వీడియో కాల్‌లో ఓనరు నోట వినండి. అద్దె ఓనరు ఖాతాకే వెళ్లాలి.

కాగితంలో ఇవి ఉండాలి:

- ఇద్దరి పేర్లూ అద్దెదారులుగా. ఒకరికి బదిలీ అయినా రెండోవాళ్ల హక్కు పోదు.
- అద్దె మొదలయ్యే తేదీ. తాళం తీసుకున్న రోజా, పాలు పొంగించిన రోజా?
- అడ్వాన్సు ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు.
- రంగుల కోత. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ ఆనవాయితీ. ఎంతో అంకె వేయించండి, ఏడాది దాటితే కోత ఉండదని అడిగి చూడండి.
- ఏడాదికి పెంపు ఎంత శాతం.
- రెండు వైపులా నోటీసు ఎన్ని నెలలు.
- మోటారు, సెప్టిక్ ట్యాంకు, శ్లాబు లీకు ఖర్చు ఓనరుది. బల్బులు, కుళాయి వాషర్లు మీవి.

ఆధార్ జిరాక్సు ఇచ్చేటప్పుడు చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి. దాని మీద ‘ఇంటి అద్దె కోసం మాత్రమే’ అని రాసి తేదీ వేయండి.

10. తాళంచెవులు తీసుకునే రోజు

సామాను దింపకముందే గంటసేపు ఖాళీ ఇంట్లో పని ఉంది.

- మీటరు రీడింగు ఫొటో. అదే రోజు ఓనరుకు వాట్సాప్‌లో పంపండి.
- ప్రతి గది నాలుగు గోడలూ, శ్లాబూ వీడియో. ఉన్న బీటలు, మరకలు దగ్గరగా తీయండి.
- ఫ్యాన్లు, లైట్లు, గీజరు, కుళాయిలు ఎన్నో లెక్క రాసి ఇద్దరూ సంతకం.
- తాళంచెవులు మొత్తం ఎన్ని జతలు, పాతవాళ్ల దగ్గర ఏవైనా ఉండిపోయాయా? అనుమానముంటే లాక్ మార్చేయండి.
- ట్యాంకు, సంపు ఎప్పుడు కడిగారో అడిగి, కడగకపోతే ఇప్పుడే కడిగించమనండి.

పాలు పొంగించడానికి స్టవ్వు, సిలిండరు, దేవుడి పటం చాలు. మిగతా సామాను మర్నాడు తేవచ్చు. ముహూర్తం, వ్యాను ఒకే ఉదయం పెట్టుకుంటే రెండూ ఆలస్యమవుతాయి.

గ్యాసు ఏజెన్సీలో అడ్రసు మార్పు, సచివాలయంలో వివరాల మార్పు, బ్యాంకు అడ్రసు మొదటి వారంలోనే పూర్తి చేయండి.

11. చేరాక తేలే తప్పులు, వాటికి మందు

నీళ్లు ఉప్పగా మారాయి. ముందు ఇది కాలువలు కట్టేసిన రోజుల సమస్యా, ఏడాది పొడవునా ఉండేదా తేల్చుకోండి. వారానికోసారి టీడీఎస్ కొలిచి రాసి పెట్టుకోండి. రెండు నెలలదే అయితే వంటకు టిన్నులు, ఆఖరి స్నానపు చెంబు మంచినీళ్లతో గడిచిపోతుంది. ఏడాది పొడవునా అయితే షవరుకూ వాషింగ్ మెషీనుకూ ఫిల్టర్లంటూ ఖర్చు పెట్టకండి, అవి మట్టిని ఆపుతాయి కానీ ఉప్పును ఆపవు. మున్సిపల్ నీటిని విడి ట్యాంకుకు ఎక్కించమని మిగతా ఫ్లాట్ల వాళ్లతో కలిసి అడగండి.

బీరువా వెనక బూజు పట్టింది. గోడకూ బీరువాకూ నాలుగంగుళాలు ఎడం ఉంచి, కింద చెక్క దిమ్మలు పెట్టండి. పైన రంగు వేయిస్తే మూడు నెలల్లో మళ్లీ ఊడుతుంది. లీకు బాత్‌రూమ్ టైల్స్ సందుల్లోదైతే సందులు మళ్లీ పూయించాలి, నేలలోంచి ఎక్కే చెమ్మ అయితే ఆ గోడకు చెక్క సామాను ఆనించకుండా ఉండటమే దారి.

కమోడ్ పైకి తన్నుతోంది. యాసిడ్ పోయకండి, ట్యాంకులో మలాన్ని కరిగించే సూక్ష్మజీవులు చచ్చి పరిస్థితి ఇంకా పాడవుతుంది. ట్యాంకు నిండిందా, పైపు పూడిందా చూడాలి. కింది అంతస్తు ఫ్లాట్లన్నిటిలోనూ ఉంటే ట్యాంకు, మీ ఒక్కరికే ఉంటే చాలావరకు పైపు.

ఓనరు రిపేరు వాయిదా వేస్తున్నారు. ఫోన్లో చెప్పి ఊరుకోకుండా ఫొటోతో మెసేజి పెట్టండి. ఖర్చు ఎంతవుతుందో మేస్త్రీతో రాయించి, ‘మేం చేయించుకుని వచ్చే నెల అద్దెలో తగ్గించుకోమంటారాండీ?’ అని అడగండి. ‘సరే’ అని మెసేజి వచ్చాకే మేస్త్రీని పిలవండి.